బిలం బయట సుగ్రీవుడు

మా నాన్న గుంతకల్లు జంక్షన్‌లో రైలు చక్రాలు తట్టే పని చేశాడు. రైల్వే కాగితాల్లో ఆ ఉద్యోగానికి ఏదో పెద్ద పేరే ఉండేది గానీ ఇంట్లో మాత్రం 'తట్టే పని' అనే అనేవాళ్ళం. బండి వచ్చి ఆగగానే పొడుగు పిడి ఉన్న చిన్న సుత్తి పట్టుకుని, పట్టాల వెంబడి నడుస్తూ, ఒక్కో చక్రానికీ ఒక దెబ్బ వేసేవాడు. ఖంగుమంటే ముందుకు సాగిపోవడం. బొంగురుగా పలికితే ఆగి, వంగి, లాంతరు దగ్గర పెట్టి చూడటం. పగులు కంటికి కనబడే లోపలే చెవికి తెలిసిపోతుందనేవాడు. డ్యూటీ దిగినా ఆ అలవాటు పోయేది కాదు. సంతలో కుండ కొన్నా, పుచ్చకాయ కొన్నా ముందు వేలి కణుపుతో తట్టాల్సిందే. కొత్త స్టీలు బిందెను కూడా తట్టేవాడు. దానికేం తెలుస్తుందని అమ్మ విసుక్కునేది.

నేను బెంగళూరులో, పీణ్యా ఇండస్ట్రియల్ ఏరియాలో, ఇంచుమించు అదే పని చేస్తున్నాను. నా సుత్తి కొసన సెన్సర్ ఉంటుంది, కాబట్టి ధర ఎక్కువ. మెషీన్ విడిభాగానికి కంపనాన్ని కొలిచే యాక్సిలరోమీటర్ అంటించి, ఇంపాక్ట్ హ్యామర్‌తో ఒక్క దెబ్బ వేస్తే, అది ఏ ఫ్రీక్వెన్సీలో మోగింది, ఎంతసేపట్లో ఆగింది అన్నది స్క్రీను మీద గీతలుగా వస్తుంది. ఆ రెండూ తెలిస్తే భాగాన్ని కోయకుండానే దాని లోపలి ఆరోగ్యం గురించి చాలా చెప్పొచ్చు. ఒకసారి నాన్నను తీసుకెళ్ళి చూపించాను. అంతా ఓపిగ్గా చూసి, "అయితే మీరూ తట్టడమే గదరా" అన్నాడు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, బ్లాక్ హోళ్ళ విషయంలో నాకో పేచీ ఉంది.

మన తెలుగులో బ్లాక్ హోల్‌కు ఒకే ఒక్క క్రియాపదం: మింగడం. వెలుగును మింగేస్తుంది, నక్షత్రాలను మింగేస్తుంది, చివరికి కాలాన్నే మింగేస్తుంది. వీడియోల మీద వేసే బొమ్మలు చూస్తే బండెడన్నం తినే బకాసురుడే గుర్తొస్తాడు. 'కృష్ణబిలం' అన్న అనువాదం దీనికి తోడు. బిలం అనగానే ఒక కన్నం, లోపల ఏదో పొంచి ఉండటం మనసులో మెదులుతుంది. ఆ మాట పెట్టినవాళ్ళను తప్పుపట్టను, అసలు పేరులోనే కన్నం ఉంది మరి. కానీ ఈ మింగుడు గోల పక్కనపెట్టి, తట్టడం, మోగడం అన్న మాటలతో మొదలుపెడితే తప్ప ఆ వస్తువు గురించి మనుషులకు నిజంగా తెలిసిందేమిటో, తెలియనిదేమిటో విడివిడిగా కనబడదని నా వాదన. ఈ వాదన చేసే క్రమంలో నేనే ఒకసారి బోర్లా పడ్డాను. అదీ చెప్తాను.

ముందు మింగడం సంగతి తేల్చేద్దాం. సూర్యుడి బరువు ఏమాత్రం తగ్గించకుండా 3 కిలోమీటర్ల వ్యాసార్ధానికి, అంటే యశవంతపురం నుంచి మల్లేశ్వరం వెళ్ళేంత దూరానికి, నొక్కేశారనుకోండి. బ్లాక్ హోల్ అయిపోతుంది. భూమి మాత్రం ఇప్పుడు తిరిగే దారిలోనే, అదే ఏడాదికొక చుట్టు తిరుగుతూ ఉంటుంది. చీకటి పడుతుంది, చలికి చస్తాం, అది వేరే సంగతి. అది మనల్ని లాక్కుపోవడం మాత్రం ఉండదు. మరీ దగ్గరికి వెళ్తేనే తేడా. తిరగని బ్లాక్ హోల్ అయితే, దాని హొరైజన్ వ్యాసార్ధానికి మూడు రెట్ల లోపల నిలకడైన కక్ష్య అంటూ ఉండదు, జారిపోవడమే. హొరైజన్ అంటే ఆ సరిహద్దు. పుస్తకాల్లో ఘటనా దిగంతం అని రాస్తారు. అది దాటి లోపలికి వెళ్ళిన కబురు, వెలుగైనా సరే, బయటికి రాదు.

ఆ సరిహద్దులో గోడ లేదు, మంట లేదు, కనీసం గడప కూడా లేదు. మన పాలపుంత నడిమధ్యలో సూర్యుడికి 40 లక్షల రెట్ల బరువున్న బ్లాక్ హోల్ ఒకటుంది. ఐన్‌స్టీన్ లెక్క ప్రకారం దాని హొరైజన్ దాటే మనిషికి దాటినట్టే తెలియదు. తలను ఒకలా, కాళ్ళను ఒకలా లాగే తేడా అక్కడ ఇంకా చాలా తక్కువ. దాటాక మాత్రం అతని చేతి గడియారంలో మహా అయితే ఒక నిమిషం మిగులుతుంది. బయటినుంచి చూసేవాళ్ళకు అతను అంచు దగ్గరే గడ్డకట్టుకుపోయి ఎప్పటికీ అలా కనబడతాడని చాలామంది రాస్తారు. లెక్కలో అది నిజమే. కంటికి మాత్రం నిజం కాదు. అతని నుంచి వచ్చే వెలుగు ఎర్రబారి, సన్నగిల్లి, చూస్తుండగానే ఆరిపోతుంది. సూర్యుడికి 60 రెట్ల బరువున్న చిన్న బ్లాక్ హోల్ దగ్గరైతే ఆ ఆరిపోవడానికి కొన్ని మిల్లీసెకన్లు చాలు. ఎప్పటికీ కనబడే బొమ్మ ఏదీ మిగలదు.

మా మేనకోడలు ఒకసారి సూటిగా అడిగింది: "మామయ్యా, అక్కణ్ణించి ఏ కబురూ రాదంటున్నావు. మరి వీళ్ళందరికీ ఎలా తెలిసింది?" పదకొండేళ్ళ పిల్ల. మింగడం గురించి వీడియోలు చేసే పెద్దమనుషుల్లో ఎంతమందికి ఈ ప్రశ్న తట్టిందో నాకు అనుమానమే.

బ్లాక్ హోల్‌ను తట్టితే మోగుతుందని మొదట చూసినవాడు మా ఊరివాడే. అంటే నేనిప్పుడు అద్దె కడుతున్న ఊరివాడు. పేరు సి.వి. విశ్వేశ్వర, 1938లో బెంగళూరులో పుట్టారు. అమెరికాలో మేరీల్యాండ్ విశ్వవిద్యాలయంలో చార్లెస్ మిస్నర్ దగ్గర పరిశోధన చేశారు. 'బ్లాక్ హోల్' అన్న పేరు అప్పుడప్పుడే, 1967 చివర్లో జాన్ వీలర్ వాడాక, నలుగురి నోటా పడుతోంది. ఆకాశంలో అలాంటిది ఉందో లేదో ఎవరికీ రూఢిగా తెలియదు. విశ్వేశ్వర వేసుకున్న మొదటి ప్రశ్న, కుండ కొనేవాడు వేసుకునేదే: దీన్ని కాస్త కదిలిస్తే నిలబడుతుందా, విచ్చిపోతుందా? కదిలించగానే విచ్చిపోయే వస్తువు ప్రకృతిలో ఉండే అవకాశం లేదు, అది కాగితం మీది లెక్కే. నిలబడుతుందని ఆయన 1970లో చూపించారు.

రెండో ప్రశ్న ఇంకా అందమైనది. నిలబడితే, తట్టినప్పుడు ఏం వినబడుతుంది? ఆయన దగ్గర బ్లాక్ హోల్ లేదు, ఉన్నది సమీకరణం, కంప్యూటర్. గురుత్వ తరంగం అంటే బరువైన వస్తువులు కదిలినప్పుడు స్థలంలోనే లేచే అల. అలాంటి అల తునకను ఒకదాన్ని దాని మీదికి వదిలి, తిరిగొచ్చేదాన్ని చూశారు. తునక వెడల్పుగా ఉన్నప్పుడు విశేషం ఏమీ కనబడలేదు. దాన్ని సన్నగా చేసుకుంటూ పోయి, బ్లాక్ హోల్ సైజుకు దగ్గరగా తెచ్చేసరికి, తిరిగొచ్చిన తరంగం తోకలో ఒక ఊపు కనబడింది. ఊగుతూ, ఊగుతూ, త్వరగా అణిగిపోయే ఊపు. పంపిన తునక ఆకారం మారినా ఆ ఊపు మాత్రం మారలేదు. అది సుత్తిది కాదు, తట్టించుకున్నదానిది.

ఇది చదివినప్పుడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఎందుకంటే ఇది మా షెడ్డులో రోజూ జరిగే పని. ఇంపాక్ట్ హ్యామర్‌కు మూతులు మార్చుకోవచ్చు. రబ్బరు మూతి పెడితే దెబ్బ మెత్తగా, నిడివిగా పడుతుంది, కింది ఫ్రీక్వెన్సీలు మాత్రమే లేస్తాయి. స్టీలు మూతి పెడితే దెబ్బ సన్నగా, కరుకుగా పడుతుంది, పై ఫ్రీక్వెన్సీలు కూడా లేస్తాయి. కొత్తగా చేరిన కుర్రాళ్ళు రబ్బరు మూతితో కొట్టి, "సార్, ఇది మోగడం లేదు" అని వస్తారు. మూతి మార్చి కొట్టు నాయనా అంటాం. విశ్వేశ్వర చేసింది అదే, రబ్బరు మూతి తీసి స్టీలు మూతి పెట్టడం. ఆ ఫలితం 1970లోనే నేచర్ పత్రికలో అచ్చయింది.

ఆయన తర్వాత బెంగళూరు తిరిగొచ్చి, రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో, ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్‌లో పనిచేశారు. 1989లో మొదలైన జవహర్‌లాల్ నెహ్రూ ప్లానెటోరియానికి తొలి డైరెక్టర్ ఆయనే. ఆ గుమ్మటం కింద కూర్చుని ఎన్ని షోలు చూశానో లెక్కలేదు. చుట్టాలు ఊరి నుంచి వచ్చిన ప్రతిసారీ లాల్‌బాగ్, విధానసౌధ, ప్లానెటోరియం, ఇదే మా రూటు. ఆ చోటును నిలబెట్టిన మనిషి ఎవరో 2016 దాకా నాకు తెలియదు. మా ఫ్యామిలీ గ్రూపులో మాత్రం మన పూర్వీకులకు బ్లాక్ హోళ్ళు ముందే తెలుసన్న ఫార్వర్డులు నెలకొకటి వస్తాయి. మన కాలంలో, మన బస్సు రూట్లో ఉన్న మనిషి చేసిన పనికి ఒక్క ఫార్వర్డూ ఉండదు. మా బావతో దీని మీద గొడవ కూడా అయింది. వదిలేయండి.

ఇక అసలు దెబ్బ. 2015 సెప్టెంబరు 14, సోమవారం, వినాయక చవితికి మూడు రోజుల ముందు. మన గడియారంలో మధ్యాహ్నం 3 గంటల 20 నిమిషాలు. నేను పీణ్యాలో టీ తాగుతూ ఉండి ఉంటాను. సూర్యుడికి సుమారు 36 రెట్లు, 29 రెట్లు బరువున్న రెండు బ్లాక్ హోళ్ళు 130 కోట్ల సంవత్సరాల కిందట ఒకదాని చుట్టూ ఒకటి తిరిగి, తిరిగి, ఢీకొని ఒకటైపోయినప్పుడు లేచిన తరంగం ఆ క్షణంలో భూమిని దాటిపోయింది. ఆ టీ గ్లాసు గుండా కూడా పోయి ఉంటుంది, గురుత్వ తరంగానికి భూమి అడ్డం కాదు. 36కు 29 కలిపితే 65. మిగిలిన బ్లాక్ హోల్ 62. తక్కిన మూడు సూర్యుళ్ళ బరువు తరంగాలుగా పోయింది. ఆ ఒక్క క్షణంలో వెలువడిన శక్తి, మనకు కనబడే విశ్వంలోని నక్షత్రాలన్నీ కలిసి ఆ క్షణంలో చిమ్మే వెలుగు కన్నా ఎక్కువ.

అంతటి దెబ్బ ఇక్కడికి చేరేసరికి ఎంత మిగిలిందంటే, అమెరికాలో గురుత్వ తరంగాలను పట్టే లైగో పరికరాల 4 కిలోమీటర్ల చేతుల (పొడవాటి గొట్టాల) పొడవు ప్రోటాన్ కన్నా వందల రెట్లు చిన్నదైన దూరం మేర మారింది. ఈ మాట చాలామంది చదివి "అబ్బో" అని దాటిపోతారు. నేను దాటిపోలేను, ఎందుకంటే నా బతుకంతా అక్కర్లేని కంపనంతో పోరాటమే. తుమకూరు రోడ్డు మీద లోడు లారీ వెళ్తే చాలు, మేం టెస్ట్ ఆపి మళ్ళీ మొదలుపెడతాం. లైగోలో అద్దం ఒక్కోటి 40 కిలోల గాజు. దాన్ని నేరుగా బిగించరు. నాలుగు లోలకాలను ఒకదాని కింద ఒకటి వేలాడదీస్తారు, అన్నిటికన్నా కింది గుండే ఆ అద్దం, అర మిల్లీమీటరు కూడా లేని గాజు పోగులతో వేలాడుతుంది. లోలకాన్ని దాని సహజమైన ఊపు కన్నా వేగంగా పైనుంచి కుదిపితే, కింద గుండుకు ఆ కుదుపు సరిగా అందదు. చిన్నప్పుడు తాడుకు రాయి కట్టి గబగబా చెయ్యి ఆడిస్తే రాయి కదలనట్టే. అలాంటివి నాలుగు అంచెలు పెడితే, నేల మీది గోల అద్దం దాకా చేరే లోపే చచ్చిపోతుంది. ఇంతా చేసి, ఇంకా నమ్మకం చాలక, 3,000 కిలోమీటర్ల దూరంలో రెండు పరికరాలు పెట్టారు. లివింగ్‌స్టన్‌లో కనబడిన గీత, దాదాపు 7 మిల్లీసెకన్ల తర్వాత హాన్‌ఫర్డ్‌లోనూ కనబడింది. ఒక ఊళ్ళో లారీ ఇంకో ఊళ్ళో అదే గీత గీయదు.

ఆ గీత మొత్తం నిడివి 0.2 సెకన్లు. అందులో ముందు భాగం, అంటే రెండూ తిరుగుతూ దగ్గరయ్యే ఘట్టం, ఎలా ఉండాలో ముందే లెక్కకట్టిన వాళ్ళలో ఇదే బెంగళూరు నుంచి బాలా అయ్యర్ ఉన్నారు. రామన్ ఇన్‌స్టిట్యూట్‌లో కూర్చుని ఫ్రెంచి శాస్త్రజ్ఞులతో కలిసి ఏళ్ళ తరబడి ఆ లెక్కలు చేశారు. గోలలోంచి అలాంటి గీతను ఎలా ఏరాలన్న పని పుణెలో సంజీవ్ ధురంధర్ బృందం చేసింది. ఇక చివరి భాగం, ఒకటైన బ్లాక్ హోల్ అణిగే ఘట్టం, విశ్వేశ్వర చూసిన ఊపే. ఈ కబురు ప్రకటించింది 2016 ఫిబ్రవరి 11న. ఆయన అప్పటికి ఉన్నారు. మరో ఏడాదికి, 2017 జనవరిలో, బెంగళూరులోనే పోయారు. కాగితం మీద తట్టి చూసిన 45 ఏళ్ళకు ప్రకృతే తట్టి వినిపించింది.

ఇక్కడ ఇంకో పేచీ. అందరూ దీన్ని గుడిగంటతో పోలుస్తారు. గుడిగంట ఒక్కసారి కొడితే వేలసార్లు ఊగుతుంది, ప్రదక్షిణ సగం అయ్యేదాకా వినబడుతూనే ఉంటుంది. ఆ బ్లాక్ హోల్ 250 హెర్ట్జ్ దగ్గర ఊగింది, మనిషి చెవికి బాగా అందే స్థాయి. కానీ 4 మిల్లీసెకన్లలో, అంటే ఒక్క ఊపు పూర్తయ్యేసరికి, మూడో వంతుకు దగ్గరగా పడిపోయింది. దాన్ని గంట అనడం అన్యాయం. తడి గోనెసంచి చుట్టిన గంటను కొట్టినట్టు, ఒక్క 'దబ్'. మా భాషలో చెప్పాలంటే డ్యాంపింగ్ విపరీతం. మా కస్టమర్ ఎవడైనా అలాంటి వస్తువు తెస్తే లోపల ఏదో పగిలిందని వెనక్కి పంపుతాం.

ఇప్పుడు నేను బోర్లా పడిన సంగతి. ఒక వినాయక చవితికి మా అపార్ట్‌మెంట్ క్లబ్ హౌస్‌లో పిల్లలకు సైన్స్ కబుర్లు చెప్పమన్నారు. నేను నాన్న సుత్తితో మొదలుపెట్టి, ఇంపాక్ట్ హ్యామర్ చూపించి, స్పీకర్లో ఆ 'దబ్' వినిపించి, నాటకీయంగా ఆగి, "పిల్లలూ, ఇదే బ్లాక్ హోల్ హొరైజన్ మోగిన శబ్దం!" అన్నాను. చప్పట్లు పడ్డాయి. ప్రసాదాలు పంచుతుండగా, ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ చదివే మా బ్లాకు అమ్మాయి వచ్చి, నెమ్మదిగా, నలుగురూ వినకుండా, "అంకుల్, బాగా చెప్పారు. కానీ అది హొరైజన్ శబ్దం కాదు" అంది.

ఆ పిల్ల చెప్పింది ఇదీ. తిరగని బ్లాక్ హోల్ తీసుకుంటే, హొరైజన్ వ్యాసార్ధానికి ఒకటిన్నర రెట్ల దూరంలో ఒక వలయం ఉంది. అక్కడ వెలుగు కూడా వృత్తంలో తిరగగలదు, కానీ ఆ తిరగడం కత్తి అంచు మీద గోలీ నిలబెట్టినట్టు ఉంటుంది. రవ్వంత అటైతే లోపలికి జారుతుంది, ఇటైతే బయటికి ఎగిరిపోతుంది. గురుత్వ తరంగాలూ అక్కడే కాసేపు చిక్కుకుని తిరిగి, రెండు వైపులకూ కారిపోతాయి. మనకు వినబడే ఊపు ఆ వలయం దగ్గర పుట్టేదే. ఊపు అంత త్వరగా అణగడానికి కారణం కూడా రాపిడి కాదు, ఈ కారిపోవడమే. హొరైజన్ ఇందులో చేసే పని ఒక్కటి: తన వైపు వచ్చినదాన్ని తిప్పి పంపకపోవడం.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. సిగ్గుకన్నా ఎక్కువగా, ఒక పాత గాయం కెలికినట్టయింది. చాలా ఏళ్ళ కిందట ఒక కంపెనీకి బ్రాకెట్లు టెస్ట్ చేశాను. కొట్టిన ప్రతి బ్రాకెట్టూ ఒకే ఫ్రీక్వెన్సీలో, గీత గీసినట్టు మోగింది. ఇంత క్వాలిటీ ఎక్కడా చూడలేదని మురిసిపోయి రిపోర్టు పంపాను. వాటిలో కొన్ని బిగించిన నెల తిరక్కుండానే విరిగి వెనక్కొచ్చాయి. తర్వాత తెలిసింది, నేను విన్నది బ్రాకెట్టును కాదు, దాన్ని పట్టుకున్న ఫిక్స్చర్‌ను. ఏ బ్రాకెట్టు పెట్టినా ఫిక్స్చర్ అదే కాబట్టి మోత అదే. అప్పటినుంచి మా షెడ్డులో ఒక అలవాటు పెట్టాను, ముందు ఖాళీ ఫిక్స్చర్‌ను తట్టి విని, తర్వాతే భాగాన్ని బిగించాలి. క్లబ్ హౌస్‌లో మైకు పట్టుకుని నేను మళ్ళీ ఫిక్స్చర్‌నే విని బ్రాకెట్టు అన్నాను.

అయితే ఇక్కడ ఖాళీ ఫిక్స్చర్ అంటూ వేరే లేదు. మరి హొరైజన్ ఉందని ఎలా చెప్తారు? ఇది శాస్త్రజ్ఞుల్లో కూడా గట్టిగా నడిచిన చర్చే. అక్కడ హొరైజన్ బదులు, అది ఉండాల్సిన చోటుకు వెంట్రుకవాసి పైన, తరంగాన్ని వెనక్కి కొట్టే గట్టి ఉపరితలం ఏదైనా ఉందనుకుందాం. వలయం అలాగే ఉంటుంది కాబట్టి మొదటి 'దబ్' అచ్చం అలాగే వినబడుతుంది. తేడా తర్వాత వస్తుంది. లోపలికి కారిన తరంగం ఆ ఉపరితలానికి తగిలి తిరిగొచ్చి, వలయం దగ్గర మళ్ళీ కొంత బయటికి కారుతుంది. ప్రతిధ్వని అన్నమాట. 2015 నాటి బ్లాక్ హోల్‌కైతే, ఊహించదగ్గ అతి చిన్న దూరంలో ఆ ఉపరితలం ఉన్నా, సుమారు 0.3 సెకన్లకొకసారి ఒక ప్రతిధ్వని రావాలి. 2016 చివర్లో కొందరు పరిశోధకులు అలాంటి జాడలు కనబడ్డాయని ప్రకటించారు. మిగతా బృందాలు అదే డేటాను మళ్ళీ జల్లెడ పట్టాయి. నమ్మదగ్గ ప్రతిధ్వని ఇప్పటిదాకా తేలలేదు.

అంటే హొరైజన్ గురించి మన దగ్గర ఉన్న సాక్ష్యం మోత కాదు, మోత తర్వాతి నిశ్శబ్దం. నాకు ఇది గంట కథ కన్నా వందరెట్లు బాగుంది. పిల్లలకు దీన్ని చెప్పకుండా దాచి, రాక్షసి నోరు చూపించడం, చివరికి నాలాగా తప్పు మోత వినిపించడం, వాళ్ళ తెలివిని తక్కువ చేయడమే. మా మేనకోడలి ప్రశ్నకు సరైన జవాబు ఇదే: అక్కణ్ణించి కబురు రాదు, రావాల్సిన ప్రతిధ్వని కూడా రాకపోవడమే కబురు.

ఈ జవాబు నాకు ఎంతో నచ్చి నాన్నకు చెప్పాను. ఆయన ఇప్పుడు మా దగ్గరే ఉంటున్నాడు, దాసరహళ్ళిలో. పొద్దున పూట బాల్కనీలో కూర్చుని మెట్రో వెళ్ళడం వింటూ ఉంటాడు. అంతా విని, "ఇది సుగ్రీవుడి కథే గదరా" అన్నాడు.

నాకు మొదట అర్థం కాలేదు. తర్వాత వెలిగింది. వాలి మాయావిని తరుముకుంటూ బిలంలోకి పోయాడు. తమ్ముణ్ణి బయట కాపలా పెట్టాడు. ఏడాది గడిచింది. బిలంలోంచి నురుగుతో నెత్తురు వచ్చింది. రాక్షసుల అరుపులు వినబడ్డాయి. అన్న గొంతు వినబడలేదు. అన్న చనిపోయాడనుకుని సుగ్రీవుడు బిలానికి బండ అడ్డం పెట్టి ఇంటికి పోయాడు. నెత్తురు నిజమే, అరుపులూ నిజమే. అవి ఎవరివన్న దగ్గరే తప్పాడు. అది నా ఫిక్స్చర్ తప్పు, ఒప్పుకుంటాను. కానీ నాన్న పెట్టిన మెలిక అది కాదు.

"అన్న గొంతు వినబడలేదనే గదరా అతను కూడా అనుకుంది?" అన్నాడు.

నిజమే. సుగ్రీవుడూ నిశ్శబ్దాన్నే సాక్ష్యంగా తీసుకున్నాడు. వినబడలేదు కాబట్టి లేడు. నేను అంత మురిసిపోయిన వాదన, ఏడాది పాటు బిలం బయట నిలబడ్డవాడిని నిలువునా ముంచిన వాదన ఒకటే. ఆ మాటకు నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. టీ పెట్టే నెపంతో వంటింట్లోకి పోయాను.

తర్వాత ఆలోచిస్తే ఒక తేడా కనబడింది, చిన్నదే. సుగ్రీవుడికి అన్న గొంతు ఎప్పుడు, ఎంత గట్టిగా రావాలో తెలియదు. ప్రతిధ్వని వెతికేవాళ్ళకు తెలుసు. ఫలానా బరువుకు ఇన్ని మిల్లీసెకన్ల తర్వాత రావాలని ముందే లెక్క ఉంది. తెలిసిన వేళకు రానిదానికి, ఎప్పుడొస్తుందో తెలియనిది రాకపోవడానికి తేడా ఉంది. కాకపోతే ఆ ఉపరితలం ఎంత వెనక్కి కొడుతుందో ఎవరూ చెప్పలేరు. నూటికి ఒక వంతు మాత్రమే కొడితే? మన పరికరాలకు అది వినబడదు. కాబట్టి 'హొరైజన్ ఉందని రుజువైంది' అని రాసేవాళ్ళు కూడా బండ కాస్త తొందరగా అడ్డం పెడుతున్నారనే నా అభిప్రాయం. మెరుగైన మోత ఒక్కోటీ ఆ అనుమానాన్ని కొంచెం కొంచెం తగ్గిస్తూ పోతుంది, అంతవరకే.

అలాంటి మెరుగైన మోత ఒకటి 2025 జనవరి 14న వచ్చింది. సంక్రాంతి రోజు, మన టైము ప్రకారం రెండు గంటలకు ఎనిమిది నిమిషాల ముందు. మా ఇంట్లో అరిసెలు తిని అందరూ కునుకు తీస్తున్న వేళ. 2015 నాటి జంటకు ఇంచుమించు కవల, కానీ పదేళ్ళలో పరికరాలు బాగుపడ్డాయి కాబట్టి మూడు రెట్లకు పైగా స్పష్టంగా వినబడింది. బ్లాక్ హోల్‌కు బరువు, తిరిగే వేగం, ఈ రెండు సంఖ్యలు తెలిస్తే అది మోగే ఫ్రీక్వెన్సీలన్నీ తేలిపోవాలని సిద్ధాంతం. మా విడిభాగాలకు ఆ అదృష్టం లేదు, లోహం, పోత, వేడి చేసిన తీరు, పెయింట్ కూడా లెక్కలోకొస్తాయి. ఈసారి ప్రధానమైన ఊపుతో పాటు, ఇంకా త్వరగా అణిగే రెండో ఊపును కూడా పట్టుకోగలిగారు. రెండూ ఆ రెండు సంఖ్యలకే సరిపోయాయి. హొరైజన్ వైశాల్యం ఎప్పుడూ తగ్గదని స్టీఫెన్ హాకింగ్ 1971లో చెప్పిన నియమాన్నీ పరీక్షించారు. కలవకముందు రెండింటి వైశాల్యం కలిపి సుమారు 2,40,000 చదరపు కిలోమీటర్లు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కన్నా కాస్త తక్కువ. కలిశాక దాదాపు 4,00,000, అదే ఉమ్మడి రాష్ట్రానికి తమిళనాడు కూడా కలిపినంత. నియమం నిలబడింది. ఇక్కడ కూడా హొరైజన్‌కు ఎవరూ టేపు పెట్టలేదని గుర్తుంచుకోవాలి. బయట వినబడిన తరంగం నుంచి బరువు, తిరుగుడు రాబట్టి, వాటి నుంచి వైశాల్యం లెక్కకట్టారు. టేపు పట్టుకున్నది సుగ్రీవుడే, నిలబడింది బిలం బయటే.

మహారాష్ట్రలో హింగోలి జిల్లాలో కూడా ఒక లైగో వస్తోంది. 2023లో కేంద్రం 2,600 కోట్లు మంజూరు చేసింది. "అంత డబ్బు ఈ దబ్ కోసమా?" అని బావ గ్రూపులో అడిగాడు. ఈసారి నేను గొడవ పెట్టుకోలేదు. నాన్న ఒక్కడే ఆ వార్త రెండుసార్లు చదివించుకున్నాడు. ఆయన సందేహం వేరే.

"ఇప్పటికి ఎన్నిసార్లు తట్టార్రా?"

"తట్టడం వీళ్ళ చేతుల్లో లేదు నాన్నా. వినడమే. దాదాపు 300 మోతలు విన్నారు."

"ఒక్క దెబ్బకు చక్రం సంగతి తేల్చేవాళ్ళం కాదు మేము," అన్నాడు. "అనుమానమొస్తే చుట్టూ నాలుగు చోట్ల వేసేవాళ్ళం. ఒక్కోసారి బండి కదిలేదాకా వేస్తూనే ఉండేవాళ్ళం."

"కదిలిపోయాక?"

"అది తర్వాతి జంక్షన్ వాడి పని."